నిండని గుంత లేదు

పోయినసారి చింతకాయ తొక్కు గురించి రాశాను. ఈసారి సెప్టిక్ ట్యాంకు గురించి రాస్తున్నాను. అన్నం తినే వేళ కాకుండా కాస్త తీరిక దొరికినప్పుడు చదవండి. కానీ తప్పకుండా చదవండి. కందిపప్పు డబ్బాలో పురుగు పడితే మూత తీయకముందే పసిగట్టే మనం, ఇంటి కిందే ఉన్న ఈ గది వైపు మాత్రం ఎప్పుడూ చూడం. ఈ ఎండాకాలం దాకా నేనూ చూడలేదు.

మాది హనుమకొండలో ఊరి చివరి కాలనీ. భూగర్భ డ్రైనేజీ లేదు. ఇల్లు 1988లో మా మామయ్య కట్టించారు. అప్పుడు మేస్త్రీ, "సారూ, ఈ ట్యాంకు మీ మనవల కాలానికి కూడా నిండదు" అన్నాడట. ఆ మాటను మా ఇంట్లో ఇప్పటికీ జోకులాగా చెప్పుకుంటారు. ఎందుకు జోకు అయ్యిందో మాత్రం నాకు ఈ మధ్యే తెలిసింది.

మార్చిలో మా బాత్రూంలో నీళ్ళు మెల్లగా దిగడం మొదలైంది. బుడబుడమని చప్పుడు, పొద్దున పూట వాసన. మా ఆయన ఎవరో చెప్పారని ఒక పొడి ప్యాకెట్ తెచ్చారు. నెలకోసారి కమోడ్‌లో వేసి నీళ్ళు పోస్తే అందులోని మంచి బ్యాక్టీరియా మొత్తం తినేస్తుందట, ట్యాంకు ఖాళీ చేయించే పనే ఉండదట. ఒక నెల వేశాం. రెండో నెల వేశాం. మూడో నెలలో, చుట్టాలు దిగే వారం ముందు, నీళ్ళు దిగడం పూర్తిగా ఆగిపోయింది.

అప్పుడు తెలిసినాయన ఒకరు సలహా చెప్పారు. "మీ గల్లీ సన్నది, లారీ రాదు. రాత్రి ఇద్దరు మనుషుల్ని పంపిస్తా. దిగి శుభ్రంగా చేసిపోతారు, ఖర్చు కూడా తక్కువ." మా ఆయన సరే అనబోయారు. నేనూ అడ్డు చెప్పలేదు. ఆ మాట ఇక్కడ ఒప్పుకుంటున్నాను. చుట్టాలొస్తున్నారు, పని అయిపోతే చాలు అనుకున్నాను.

అడ్డు చెప్పింది మా అత్తమ్మ. ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్ళు. ఇంటి విషయాల్లో ఆమె నోరు విప్పక చాలా రోజులైంది. "వద్దు బిడ్డా. మనిషిని దింపొద్దు" అంది.

తర్వాత నెమ్మదిగా చెప్పింది. 1996లో మనవల దాకా నిండదన్న ట్యాంకు ఎనిమిదేళ్ళకే నిండిందట. "ఇద్దరు పిలగాండ్లు వచ్చిన్రు. రాత్రి పదిగంటలకు. ఒకడు దిగి బకెట్ నింపుడు, ఇంకొకడు పైనుంచి గుంజుడు. జరసేపటికి లోపల సప్పుడు లేదు. మీ మామయ్యా, ఆ పిలగాడూ కలిసి తాడు గుంజిన్రు. బయటికొచ్చినంక అరగంట దాకా కండ్లు తెరవలే. నా ప్రాణం నాకు లేదు. ఆఖరికి లేచిండు. నీళ్ళు అడిగిండు. నేను చెంబుతోని దూరం నుంచి దోసిట్ల పోసిన. గ్లాసు ఇయ్యలే."

ఆ చివరి రెండు మాటలు అన్నాక అత్తమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఇరవై ఏళ్ళకు పైగా ఆమెతో ఒకే వంటింట్లో ఉన్నాను. ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు.

ఆ రాత్రి నుంచి ఈ ట్యాంకు గురించి చదవడం మొదలుపెట్టాను. బీఏ తెలుగు చదివినదాన్ని కదా, ముందు మాట దగ్గరే ఆగాను. పుండు చీము పడితే "సెప్టిక్ అయ్యింది" అంటాం చూడండి, ఆ సెప్టిక్కే ఇది కూడా. గ్రీకు భాషలో కుళ్ళించేది అని అర్థం. కుళ్ళబెట్టడమే ఈ తొట్టి పని. పేరులోనే ఉంది. మనమే దానికి కుళ్ళబెట్టడం నేర్పాలని బయటినుంచి పొడి తెచ్చి పోస్తున్నాం.

ఇలాంటి తొట్టిని మొదట కట్టినవాడిగా ఫ్రాన్స్‌కు చెందిన జాన్ లూయీ మూరాస్ పేరు చెబుతారు. వెసూల్ అనే ఊళ్ళో 1860 ప్రాంతంలో, ఇంటి మురుగంతా వచ్చి చేరేలా గాలి చొరబడని తొట్టి ఒకటి కట్టించాడు. పదేళ్ళు దాటాక మూత తీయిస్తే, గట్టి మలినం పేరుకుపోయి ఉంటుందనుకున్న చోట ఎక్కువగా నీళ్ళే కనబడ్డాయట. ఆశ్చర్యపోయి, మొయిన్యో అనే శాస్త్రం తెలిసిన మతగురువుకు చూపించాడు. 1881లో పేటెంట్ వచ్చింది. దాన్ని ఇంగ్లీషులో ఏమని పిలిచారో తెలుసా? "మూరాస్ ఆటోమేటిక్ స్కావెంజర్" అని. అంటే తనంతట తాను పనిచేసే పాకీ మనిషి అని.

ఆ పేరు చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. ఈ తొట్టి పుట్టినప్పటి నుంచీ దాని వెనక ఉన్న ఆశ అదన్నమాట. ఎత్తిపోయడానికి ఇక మనిషి అక్కర్లేదు, అది ఎప్పటికీ నిండదు అని. మా మేస్త్రీ అన్నది కొత్త మాటేమీ కాదు. దాని వయసు అప్పటికే వందేళ్ళు దాటింది.

తర్వాత ఇంగ్లండులో ఎక్సెటర్ పట్టణంలో డొనాల్డ్ కామెరాన్ అనే ఆయన 1895-96 ప్రాంతంలో ఊరి మురుగుకు పెద్ద తొట్టి కట్టి, దానికి సెప్టిక్ ట్యాంకు అని పేరు పెట్టాడు. అందులోంచి వచ్చిన గ్యాసుతో అక్కడ దీపాలు కూడా వెలిగించారు. మన పల్లెల్లో గోబర్ గ్యాసు పొయ్యి వెలిగినట్టే. ఆ రోజుల్లో మలినమంతా కరిగి మాయమైపోతుందని గట్టిగా నమ్మారు. కొన్నేళ్ళు నడిపాక తెలిసింది, చాలావరకు కరుగుతుంది కానీ అంతా కరగదని. మిగిలింది అడుగున చేరుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు తీయాల్సిందే.

ఎందుకలా? ఇది మన వంటింటి లెక్కే. చింతపండు పులుసు గిన్నెను కదపకుండా పక్కన పెడితే ఏమవుతుంది? బరువైనది అడుగుకు దిగుతుంది. నూనె పైకి తేలుతుంది. మధ్యలో పల్చటి నీరు నిలుస్తుంది. ట్యాంకులో కూడా అంతే. అడుగున మడ్డి, పైన తెట్టు, మధ్యలో నీరు. ఆ మధ్య నీరు పైపులోంచి ఇంకుడు గుంతకు పోయి భూమిలో ఇంకుతుంది. మడ్డినీ తెట్టునూ గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు కొంచెం కొంచెంగా తింటుంటాయి. అవి ఎక్కడినుంచి వస్తాయి? మన కడుపులోంచే. మనం టాయిలెట్‌కు వెళ్ళిన ప్రతిసారీ కోట్ల కోట్ల సూక్ష్మజీవులు ట్యాంకులోకి వెళ్తాయి. పెరుగులో తోడుకు తోడు వేస్తామా? ట్యాంకులో పొడి వేయడం అలాంటిదే.

అవి తినలేనిది కూడా కొంత ఉంటుంది. ఇసుక, వెంట్రుకలు, గట్టి పీచు, చివరికి చచ్చిన సూక్ష్మజీవుల పొట్టు. అది పేరుకుంటూనే ఉంటుంది. ఏ పొడీ ఇసుకను తినలేదు. మడ్డి పెరిగేకొద్దీ మధ్యలో నీరు నిలిచే చోటు తగ్గిపోతుంది. నీరు తేరుకునేలోపే బయటికి పరుగెడుతుంది, మురికిని కూడా వెంట తీసుకుపోతుంది. ఇంకుడు గుంత చుట్టూ మట్టి పూడుకుపోతుంది. మా ఇంట్లో జరిగింది అదే.

మా చెల్లెలు అమెరికాలో నార్త్ కరోలినాలో ఉంటుంది. వాళ్ళ ఇంటికీ సెప్టిక్ ట్యాంకే అని చెబితే మొదట నేను నమ్మలేదు. అమెరికా అంటే అన్నీ భూమి కింద పైపుల్లో పోతాయనుకున్నాను. ఊళ్ళ శివార్లలో అక్కడ చాలా ఇళ్ళకు ఇదేనట. "మీరూ పొడి వేస్తారా?" అని అడిగాను. "ఇక్కడ షాపుల్లో వరుసగా పేర్చి ఉంటాయక్కా, కానీ ట్యాంకు చూడ్డానికి వచ్చినాయన వద్దన్నాడు" అంది.

నిజానికి అమెరికాలో ఈ పొడుల కథ చాలా పాతది. అక్కడి ప్రజారోగ్య శాఖ 1950లలో సెప్టిక్ ట్యాంకుల మీద ఒక చేతిపుస్తకం వేసింది. అప్పటికే దాదాపు 1200 రకాల మందులు బజారులోకి వచ్చాయనీ, సరిగ్గా జరిపిన పరీక్షల్లో వాటిలో ఒక్కటీ మేలు చేసినట్టు రుజువు కాలేదనీ ఆ పుస్తకం చెప్పింది. తర్వాత మా చెల్లెలుండే రాష్ట్రంలోనే పరిశోధకులు మనుషులు నివసిస్తున్న ఇళ్ళకు చెందిన 48 ట్యాంకులను తీసుకుని ఏడాదిపాటు చూశారు. కొన్నింటిలో మూడు రకాల బ్యాక్టీరియా ద్రవాలు పోశారు, కొన్నింటిలో ఏమీ పోయలేదు. ద్రవం పోసినా పోయకపోయినా సూక్ష్మజీవుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2008లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

బజారులో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది బ్యాక్టీరియా, ఎంజైములు ఉన్న పొడులు. వీటివల్ల పెద్ద నష్టం లేదు, డబ్బు పోవడం తప్ప. రెండోది ఆమ్లాలు, క్షారాలు. అడ్డుపడిన పైపు తెరుచుకోవడానికి పోస్తారు. ఇవి ట్యాంకులో పనిచేసే సూక్ష్మజీవులను చంపుతాయి, సిమెంటును తినేస్తాయి. మూడోది జిడ్డు కరిగించే ద్రావకాలు. అన్నింటికంటే చెడ్డవి ఇవే. భూమిలోకి దిగి బోరు నీళ్ళలో కలుస్తాయి. న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలాండ్‌లో తాగునీరంతా భూమిలోంచే రావాలి. అక్కడ ఇలాంటి ద్రావకాల మీద ఎప్పుడో ఆంక్షలు పెట్టారు.

మన దగ్గర పేడనీళ్ళు, బెల్లం, ఈస్టు పోసేవాళ్ళూ ఉన్నారు. కొత్త ట్యాంకు కట్టినప్పుడు మా మామయ్య కూడా పేడ వేయించారట. అదీ అక్కర్లేదు. నాలుగు రోజులు ఇంట్లోవాళ్ళు వాడితే చాలు, దాని పని అది మొదలుపెడుతుంది.

పొడివల్ల పోయేది డబ్బే అయితే నేను ఇంత పొడుగు వ్యాసం రాసేదాన్ని కాదు. మూడు నెలలు పొడి వేస్తూ మేం చేసిందేమిటి? పని చేస్తోందన్న ధీమాతో లారీని పిలవడం వాయిదా వేశాం. వాయిదా వేసేకొద్దీ మడ్డి గట్టిపడింది. గట్టిపడ్డాక "మనిషి దిగితే తప్ప కాదు" అనే మాట వచ్చింది. ట్యాంకు నిండదన్న నమ్మకానికి మూల్యం ఇంటివాళ్ళం చెల్లించం. తాడు కట్టుకుని దిగేవాడు చెల్లిస్తాడు.

లోపల ఏముంటుందో ఆలోచించండి. మిథేన్ ఉంటుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. అది కొంచెం ఉన్నప్పుడే వాసన తెలుస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు పనిచేయడం మానేస్తుంది. వాసన లేదు కదా అని దిగినవాడు రెండు మూడు ఊపిరులకే కూలిపోతాడు. వాణ్ణి కాపాడదామని దిగిన రెండోవాడూ కూలిపోతాడు. పేపర్లో "ట్యాంకులో దిగి ఇద్దరు మృతి" అని వస్తుందే, అది చాలాసార్లు ఇలాగే జరుగుతుంది.

వరంగల్లో మా అమ్మమ్మ వాళ్ళ పాత ఇంటికి వెనక సందులోకి ఒక చిన్న తలుపు ఉండేది. పాయఖానా వెనక. పొద్దున్నే ఒకామె తట్టతో ఆ తలుపులోంచే వచ్చి ఆ తలుపులోంచే పోయేది. వాకిలి వైపు వచ్చేది కాదు. ఆమె పేరు నాకు తెలియదు. మా ఇంట్లో ఎవరైనా పేరు పెట్టి పిలిచినట్టు కూడా గుర్తులేదు. అలాంటి మరుగుదొడ్లను నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది. ఆ తట్ట పోయింది, సెప్టిక్ ట్యాంకు వచ్చింది, అంతా మారిందనుకున్నాం. ట్యాంకులోకి దిగే మనిషి మాత్రం అదే గల్లీ నుంచి, అదే కులం నుంచి వచ్చాడు.

ఈ మాట దేశమంతా వినేలా చేసినవాళ్ళలో బెజవాడ విల్సన్ గారు ఒకరు. కోలార్ బంగారు గనుల దగ్గర ఈ పనే చేసిన తెలుగు కుటుంబంలో పుట్టారు. మన రాష్ట్రంలో పనిచేసిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారి లాంటివాళ్ళ తోడుతో సఫాయి కర్మచారీ ఆందోళన్ నడిపారు. 2003లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2013లో కొత్త చట్టం వచ్చింది. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపితే, దింపించినవాళ్ళది నేరం. మొదటిసారి రెండేళ్ళ దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది కాంట్రాక్టరుకే కాదు, ఇంటివాళ్ళకూ వర్తిస్తుంది. 2014 మార్చిలో సుప్రీంకోర్టు చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలంది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. విల్సన్ గారికి 2016లో మెగసెసె పురస్కారం వచ్చింది.

అదే 2016లో మా వరంగల్ నగరపాలక సంస్థ సెప్టిక్ ట్యాంకుల మలినాన్ని ఎలా తీయాలి, ఎక్కడ పోయాలి అని నియమాలు పెట్టింది. దేశంలో ఇలాంటివి పెట్టిన మొదటి నగరాల్లో మాదొకటి. హైదరాబాదులోని ఆస్కీ సంస్థ ఇందులో సాయం చేసింది. తర్వాత ఆ మలినాన్ని శుద్ధి చేసే కేంద్రం కూడా వచ్చింది. నేను ఇక్కడే ఉంటూ ఇదేదీ తెలుసుకోలేదు. లారీ ట్యాంకు ఖాళీ చేసి, ఊరి బయట ఏ వాగులోనో వదిలేస్తుందనే అనుకునేదాన్ని. అలా వదిలేవాళ్ళూ ఉంటారు. అందుకే ఎక్కడ పోస్తారో అడిగి మరీ పిలవాలి.

మేం పిలిచాం. సన్న గల్లీ అయితేనేం, పొడుగు పైపుతో లారీ సందు మొదట్లోనే నిలబడింది. కష్టమైంది మూత వెతకడం దగ్గర. దాని మీద మేం పదేళ్ళ క్రితం టైల్స్ వేయించాం. ఏ టైలు కిందో ఎవరికీ గుర్తులేదు. అత్తమ్మ వచ్చి కర్రతో చూపించింది. "ఇక్కడ" అంది. ఆమె ఎలా మరిచిపోతుంది?

మూడు టైల్స్ పగలగొట్టారు. గట్టిపడ్డ మడ్డిని నీళ్ళు కొట్టి కదిలించి, పైపుతో లాగేశారు. ఎవరూ దిగలేదు. గంటన్నరలో అయిపోయింది. డ్రైవరుకూ, పైపు పట్టిన అబ్బాయికీ అత్తమ్మ మంచినీళ్ళు తీసుకెళ్ళింది. స్టీలు గ్లాసుల్లో. తాగేదాకా అక్కడే నిలబడి, గ్లాసులు తానే తెచ్చి మిగతా గిన్నెలతో పాటు సింకులో పెట్టింది. నేనేమీ అనలేదు.

ఇక మీకోసం, నేను నేర్చుకున్నవి నాలుగు ముక్కల్లో చెబుతాను.

నిండినా నిండకపోయినా రెండు మూడేళ్ళకోసారి లారీని పిలవండి. నీళ్ళు ఆగేదాకా ఆగకండి. అడుగున కొంచెం మడ్డి మిగిలితే మంచిదే, కడిగించాల్సిన పని లేదు.

మూత మీద టైల్స్ వేయించకండి, తులసికోట కట్టకండి, బరువులు పెట్టకండి. మూత బిగుతుగా ఉండాలి, పిల్లలు తీయలేనట్టుగా. తీసిన రోజు వంగి లోపలికి చూడకండి, దగ్గర్లో అగ్గిపుల్ల గీయకండి.

వేయించిన నూనె, మిగిలిన కూర సింకులో పోయకండి. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు, తడి వైపులు, వెంట్రుకలు కమోడ్‌లో వేయకండి. పెళ్ళీడు పిల్లలున్న ఇంట్లో ఈ మాట సిగ్గుపడకుండా చెప్పాలి, వాళ్ళకు కాగితం, చెత్తబుట్ట అందుబాటులో ఉంచాలి.

ఆసిడ్ మానేయండి. బాత్రూం కడగడానికి మామూలు సబ్బుపొడి, బ్రష్షు చాలు. ఫినాయిల్, బ్లీచింగ్ కొంచెమే వాడండి.

కారుతున్న ఫ్లష్ ట్యాంకును వెంటనే బాగు చేయించండి. రాత్రింబవళ్ళు నీరు పారితే ట్యాంకులో ఏదీ తేరుకోదు. డాబా మీది వాన నీళ్ళ పైపును ట్యాంకులో కలపకండి. గాలి గొట్టానికి దోమల జాలి కట్టించండి.

కొత్త ఇల్లు కడుతుంటే ట్యాంకు కొలతలు మేస్త్రీ నోటి లెక్కకు వదిలేయకండి. దీనికి ఐఎస్ 2470 అనే ప్రమాణం ఉంది. ఇంజనీరును అడగండి. బయటికి పోయే నీరు ఇంకుడు గుంతలోకే పోవాలి, వీధి కాలువలోకి కాదు. ఆ గుంత బోరుకు దూరంగా ఉండాలి.

గ్యాస్ బండ మార్చిన తేదీని క్యాలెండర్ మీద రాసుకుంటాం కదా. క్యాలెండర్ ఏడాదికి మారిపోతుంది కాబట్టి, నేను బీరువా తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించాను. లారీ వచ్చిన తేదీ, మళ్ళీ రావాల్సిన సంవత్సరం, గోడ నుంచి మూత ఎన్ని అడుగుల దూరంలో ఉందో చిన్న బొమ్మ. మిగిలిన రెండు పొడి ప్యాకెట్లను చెత్తబండిలో వేశాను.

మీ ఇంట్లో మూత ఎక్కడుందో మీకు తెలుసా? లేచి ఒకసారి చూసి రండి.